ముందు గోడ చూడండి

బ్రాడీపేటలో నేను నడిపే బొమ్మల క్లాసులో ఈ వేసవి ఒక పిల్ల ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్లతో నీలం రంగు కలిపి ఆకాశం వేసింది. ఆరాక కాగితం మీద వేలు పెట్టి రుద్దాను. గరగరలాడింది. వేలికి తెల్లటి పొడి అంటింది. ట్యాంకర్ నీళ్లట. ఆ గరుకు తగలగానే నాకు కనిగిరి పక్కన మా ఊరు గుర్తొచ్చింది, దాంతోపాటు రూతమ్మ టీచర్.

టీచర్ మా హైస్కూల్లో డ్రాయింగ్ చెప్పేవారు. మా ఊరి కోడలే. ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి మోకాళ్లు బిగుసుకుపోయాయి గానీ నోరు మాత్రం బిగుసుకోలేదు! రంగులు కలపడానికి ఎవరింటి నీళ్లు వాళ్లు సీసాలో తెచ్చుకోవాలి. కొన్న క్యాన్ నీళ్లు ముట్టనిచ్చేవారు కాదు. మా బోరు నీళ్లతో నేను వేసిన ఆకాశం ఆరేసరికి ఉప్పు పూసింది. నాకు ఏడుపొచ్చింది.

"బొమ్మంతా పాడైపోయింది టీచర్."

"పాడవ్వడమేమిటే పిచ్చిమొహమా! ఆకాశం నువ్వేశావు, ఊరిని మీ నీళ్లేశాయి. ఉంచు."

అప్పుడు అర్థమై చావలేదు గానీ ఆ కాగితం పారేయలేదు.

ఊరి బావి పక్కన ఒక పొడవాటి గోడ ఉండేది. దాని మీద టీచర్ బావిని నిలువునా కోసి చూపించినట్టు గీశారు. ఏటా ఎండాకాలంలో నీళ్లు ఎక్కడిదాకా ఉంటే అక్కడ ఒక నీలం గీత గీయించేవారు. ఆ ఏడు నీళ్లతో ఊరు ఏం చేసిందో పిల్లలం గీత పక్కన బొమ్మ వేయాలి. పై గీతల దగ్గర ఈత కొట్టే పిల్లలు, గేదెలు, మిరపనారు ఉండేవి. కిందికి వచ్చేకొద్దీ అన్నీ పోయి బిందెలే మిగిలాయి. వానలు దారి తప్పాయని మాకు ఏ పుస్తకమూ చెప్పలేదు, ఆ గోడే చెప్పింది.

అలాంటి రోజుల్లో మా అన్నయ్యకు కాలువ కింద ఊరి నుంచి సంబంధం వచ్చింది. నీళ్లు లేని ఊరికి పిల్లనెవరిస్తారని మా ఊళ్లో పెళ్లీడు కొడుకులున్న ప్రతి ఇంటికీ దిగులే. నాన్న టీచర్‌ని ఒక్క మాటైనా అడగకుండా గోడకు సున్నం కొట్టించారు. అంత తెలివైన మనిషీ సున్నాన్ని మా బోరు నీళ్లతోనే కలిపించారు. ఉప్పు ఊరుకుంటుందా? పెళ్లివారు వచ్చేనాటికి సున్నం పొక్కులు లేచి రాలిపోయింది, నీలం గీతలన్నీ బయటపడ్డాయి. కారు దిగిన పిల్ల తల్లి గోడ దగ్గర ఆగి, "ఇవేంటండీ?" అని అటుగా వెళ్తున్న టీచర్‌నే అడిగింది. ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పారు. వాళ్లు మర్యాదగా కాఫీ తాగి వెళ్లారు, మళ్లీ కబురు పెట్టలేదు. అన్నయ్య ముఖం చూస్తే టీచర్ మీద నాకూ ఒళ్లు మండింది.

నాన్న అగ్గి మీద గుగ్గిలమై టీచర్ ఇంటికి బయలుదేరారు. వెనకాలే నేనూ వెళ్లాను.

"నీకేం పోయిందమ్మా? ఏదో బొమ్మలేలే అని ఊరుకుంటే నా కొడుకు నోట్లో మట్టి కొట్టావే!" అన్నారు నాన్న.

టీచర్ తలుపు పట్టుకుని మెల్లగా లేచారు. "కొట్టానన్నయ్యా, కాదనను. మరి ఆ పిల్ల కాపురానికొచ్చాక బిందె పట్టుకుని వరుసలో నిలబడేది ఎవరు? మీరా, నేనా?"

"అందరూ నిలబడట్లేదా?"

"నేనూ నిలబడ్డాను. కృష్ణ ఒడ్డున పుట్టినదాన్ని. నన్నిక్కడికి ఇచ్చేటప్పుడు ఈ సంగతి మా అమ్మకి ఒక్కరూ చెప్పలేదు. చెప్పినా వచ్చేదాన్నేమో! కానీ నన్ను అడగాలి కదన్నయ్యా."

నాన్న ఆవిడ మోకాళ్ల వైపు చూశారు. వెనక్కి తిరిగి ఇంటికొచ్చేశారు. ఆ పూట ఆయనకు అన్నం సహించలేదు.

తర్వాతి సంబంధం వచ్చినప్పుడు నాన్నే కారుకు ఎదురెళ్లారు. "ముందు గోడ చూడండి. కాఫీ తర్వాత తాగుదురుగాని," అన్నారు. పెళ్లికూతురూ వాళ్లతో వచ్చింది. అన్ని గీతలూ చూసి, అట్టడుగు గీత మీద చెయ్యి వేసి, "ఇంకా కిందికి పోతే ఎక్కడ గీస్తారండీ?" అని టీచర్‌ని అడిగింది.

"నువ్వొస్తే ఇద్దరం ఆలోచిద్దాంలే," అన్నారు టీచర్. ఆ పిల్లే మా వదిన.

టీచర్ ఇప్పుడు లేరు. గోడ మీద గీతలకు చోటు ఎప్పుడో అయిపోయింది. వదిన గీతల్ని నేల మీదికి దించి, రోడ్డు వైపు గీసుకుంటూ పోతోంది.

"పాడైపోయింది మిస్, వేరే కాగితం ఇవ్వండి," అంది మా బ్రాడీపేట పిల్ల. నేనివ్వలేదు. ఆ ఉప్పు పూసిన ఆకాశాన్ని గుమ్మం ఎదుట గోడకు అంటించాను. పిల్లల్ని చేర్పించడానికి వచ్చిన తల్లులకు కుర్చీ తర్వాత వేస్తాను. ముందు గోడ చూడమంటాను.