మౌలాలి మెట్లమీద ఇచ్చిన మాట

మా సీతాఫల్‌మండి సందు మలుపులో ఒక ఇస్త్రీ బండి ఉంది. పొద్దున్నే గంజి పెట్టిన నూలు చీర మీద నీళ్లు చిలకరించి బొగ్గుల పెట్టె ఆనించగానే ఒక వాసన లేస్తుంది, కొంచెం అన్నం ఉడికినట్టు, కొంచెం గుడ్డ కాలినట్టు. అది ముక్కుకు తగిలినప్పుడల్లా నాకు దయామణి మేడమ్ గుర్తొస్తారు. వెనకే కడుపులో పాత మంట కూడా లేస్తుంది. ఆమె పోయి రెండేళ్లయింది. పోయిన మనిషి మీద ఇంకా అసూయేమిటని నన్ను నేనే తిట్టుకుంటాను. అయినా పడతాను.

విదేశాంగ శాఖలో ఆమె నా పై అధికారి. బోయిగూడలో బడి పంతుళ్ల దంపతులకు పుట్టి, ఆదివారాలు చర్చిలో పాటలు పాడుతూ పెరిగిన మనిషి. నేను సీతాఫల్‌మండిలో దర్జీ కొడుకును. ఒకే ఊరివాళ్లం కనుక నన్ను ఆదరిస్తారనుకున్నాను. ఆదరించారు కూడా, కానీ ఆ ఆదరణ నాకు చిన్నతనంగా ఉండేది. రాతలో నేనే ఆమెకంటే మెరుగని నా గట్టి నమ్మకం. అంతర్జాతీయ న్యాయం ఆమెకంటే ఎక్కువ చదివాను. అయినా ఏ సమావేశంలోనైనా విదేశీ ప్రతినిధులు నన్ను దాటుకుని ఆమె కుర్చీ దగ్గరికే వెళ్లేవారు. గంజి చీర కట్టుకుని, ఎక్కువ మాట్లాడకుండా కూర్చునే ఆ మనిషిలో వాళ్లకేం కనపడుతోందో నాకు అర్థమయ్యేది కాదు.

ఒకసారి నేను ఎంతో ఇష్టంగా రాసిన ప్రకటన ముసాయిదాను ఆమె ముందు పెట్టాను. చదివి, ఒక వాక్యం మీద వేలు ఉంచారు.

"శ్రీధర్, ఈ 'తీవ్రాతితీవ్రంగా ఖండిస్తున్నాం' అన్నది ఎవరు చదవాలని రాసినవ్?"

"అందరూ చదవాలని, మేడమ్."

"కాదు. నిన్ను మెచ్చుకునేటోళ్లు చదవాలని రాసినవ్. ఆ దేశపోళ్లు చదివితే ఏం జేస్తరో జెర ఆలోచించు."

వాక్యం మొత్తం కొట్టేశారు. ఆమె చెప్పింది నిజమని నాకు వెంటనే తెలిసింది. అందుకే ఆ మధ్యాహ్నం అన్నం సహించలేదు.

ఇక అసలు సంగతి. మన ప్రాంతంలోనే ఒక దేశంలో సైన్యాధికారులు గద్దెనెక్కారు. పేరు చెప్పను. పొరుగు దేశాల్లోకి ఆయుధాలిచ్చి ముఠాలను తోలుతున్నారు. సొంత ఊళ్ల మీద విమానాలతో బాంబులు వేస్తున్నారు. పారిపోదామని వచ్చినవాళ్లను సరిహద్దు గేటు మూసి ఆపేశారు. పసిపిల్లలతో కుటుంబాలు ఆ గేటు ముందు వానలో నెలల తరబడి కూర్చున్నాయి. ఆ విమానాలకు కావలసిన ఇంధనం పోయేది మనతో స్నేహంగా ఉన్న నాలుగు దేశాల నుంచి, వాటి రేవుల మీదుగా. మనతో కలిపి ఐదు దేశాలూ ఒకే మాట మీద నిలబడి, గేటు తెరిచేదాకా ఇంధనం ఆపాలన్నది మేడమ్ ప్రయత్నం. ఒక్కరు అమ్మినా మిగతావాళ్లు ఆపి లాభం లేదు.

ఢిల్లీలో అయితే విలేకరుల కళ్లన్నీ అటే ఉంటాయని సమావేశాన్ని సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లోని ఒక పాత అతిథిగృహంలో పెట్టించారు. రెండు రోజుల్లో మూడు దేశాలు సరేనన్నాయి. నాలుగో దేశపు రాయబారి మాత్రం కదల్లేదు. అందరికంటే ఎక్కువ ఇంధనం అమ్మేది వాళ్లే. నేను గంటసేపు వాదించి, ఒప్పందాలు, నిబంధనలు వరసగా చదివి వినిపించాను. ఆయన మర్యాదగా విని, చల్లారిన టీ పక్కకు జరిపారు.

మూడో రోజు పొద్దున మేడమ్ ఆయనను మౌలాలి గుట్టకు తీసుకెళ్లారు. దర్గా చూడాలని ఉందని ఆయన ముందురోజు ఎవరితోనో అనడం ఆమె చెవిన పడిందట. అదే మాట నేనూ విన్నాను. విని వదిలేశాను. నన్ను కింద కారు దగ్గర ఉండమన్నారు. మోకాళ్ల నొప్పితో ఆమె రెండేసి మెట్లకు ఒకసారి ఆగుతుంటే, ఆ పెద్దమనిషి చెయ్యి అందించడం కింది నుంచి చూశాను. సగం దూరంలో ఇద్దరూ మెట్టు మీద కూలబడి చాలాసేపు మాట్లాడుకున్నారు. ఎండలో నిలబడి నేను పళ్లు కొరుక్కున్నాను.

దిగి వచ్చాక కారులో నాకు మాత్రమే చెప్పారు. "వాళ్ల కూలీలు వేలమంది ఆ సైన్యపోళ్ల దేశంల పనిచేస్తున్నరు శ్రీధర్. ఇంధనం ఆపుతమని ఇయ్యాల చెప్తే రేపు వాళ్లను జైల్ల ఏస్తరని ఆయన పరేషాన్. మూడు వారాలు టైం అడిగిండు, మనుషుల్ని గుట్టుగ వాపస్ తెచ్చుకోనీకి. తర్వాత బంద్. మాటిచ్చిండు, నేను సుత మాటిచ్చిన. ఈ ముచ్చట బయటికి పోవద్దు."

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఇంకో దేశపు అధికారి నాతో, "మీ మేడమ్ అద్భుతం. మీరు గంటసేపు చేయలేనిది ఆమె ఒక పొద్దుటిపూటలో చేశారు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "అద్భుతమేం లేదు. మూడు వారాల గడువు ఇస్తే ఎవరైనా ఒప్పుకుంటారు" అనేశాను. మాట నోటినుంచి జారిందని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. జారలేదు. ఆమె గెలుపును చిన్నది చేయాలనే అన్నాను.

తెల్లారేసరికి రెండు దేశాలు, వాళ్లకు గడువిస్తే మాకెందుకివ్వరని మొదలుపెట్టాయి. మౌలాలి ఎక్కిన రాయబారి పెట్టె సర్దుకుంటున్నారని కబురొచ్చింది. మేడమ్ నా ముఖం వంక ఒక్కసారి చూసి, "నాతోని రా" అన్నారు.

ఆయన గదిలో మేడమ్ నిలబడే మాట్లాడారు. "తప్పు నాది. చెప్పకూడని చోట నేను నోరు జారాను. మీ మనుషుల ప్రాణాలతో ఆడుకున్నాను. క్షమించమని అడిగే హక్కు నాకు లేదు. గేటు ముందున్నవాళ్ల కోసం మాత్రం మీరు ఉండండి."

నేను ఆమె పక్కనే ఉన్నాను. నోరు తెరవలేదు.

ఆయన ఉంటాననీ, కానీ ఇకపై చర్చలు ఆమె నడపకూడదనీ అన్నారు. ఆమె ఒప్పుకుని తన కుర్చీని ఇంకో దేశపు ప్రతినిధికి అప్పగించారు. గడువు అడిగిన రెండు దేశాల వాళ్ల గదులకు వెళ్లి, ఒక్కొక్కరినీ బతిమాలి దారికి తెచ్చారు. ఆయన కూలీలు ఇళ్లు చేరాక ఐదు దేశాలూ ఒకే రోజు ఒకే ప్రకటన చేశాయి. రాసింది నేనే. ఇంధనం ఆగింది. విమానాలు నేల మీద ఉండిపోయాయి. వానాకాలం ముగిసేలోపు గేటు తెరిచారు. మూటలు నెత్తిన పెట్టుకుని జనం నడిచి రావడం టీవీలో చూశాను. నాకు ప్రశంసాపత్రం వచ్చింది. ఆమెకు రావలసిన పెద్ద పదవి రాలేదు, గుట్టు కాపాడలేని మనిషన్న పేరు మిగిలింది.

నేను సిగ్గుపడాలి కదా. పడ్డాను. కానీ దానికంటే ఎక్కువగా, అంత నష్టంలోనూ ఆమె నాకంటే ఎత్తుగా నిలబడినందుకు రగిలిపోయాను.

ఆమె పదవీ విరమణ చేశాక బోయిగూడ ఇంటికి వెళ్లాను. చిక్కుడుకాయలు తుంచుతూ వసారాలో కూర్చున్నారు. ఆ రోజు చెప్పింది నేనేనని, నా అసూయతో సహా, మొత్తం చెప్పేశాను.

"తెల్సు," అన్నారు ఈనె తీస్తూ.

"మరి మీ మీద ఎందుకు వేసుకున్నారు మేడమ్? నా పేరు చెబితే మీ కుర్చీ మీకుండేది."

"ఏందయ్యా నువ్వు! ఐదు దేశాలు ఒక్క మాట మీద ఉండాలెనని అందర్నీ గుంజుకొచ్చి కూసోబెట్టిన. నా సొంత ఆఫీసుల ఇద్దరం ఒక్క మాట మీద లేమని ఆయనకు ఎట్ల చెప్పాలె?" ఇంకో కాయ చేతిలోకి తీసుకుని, "నువ్వు సుత జెర తుంచు," అన్నారు.

తుంచాను. నన్ను కాపాడటానికి అలా చేశారేమోనని అన్నేళ్లూ అనుకున్నాను. అందులో నేను లేనే లేను, పనే ఉంది. ఆమె తర్వాత నేనూ చాలా సమావేశాలు నడిపాను. ఎదుటివాడు వాదనలో చెప్పనిది ఏమిటో వినడం ఆమెను చూసే నేర్చుకున్నాను. బాగానే చేశానని పేరుంది. కానీ ఆ వసారాలో విన్న జవాబు లాంటిది నా అంతట నాకు ఎన్నడూ తట్టలేదు. అది నాకు తట్టి ఉండాల్సిందని ఈ రోజుకీ ఆమె మీద కుళ్లుకుంటూనే ఉన్నాను.