అడిగిన వాన

లిదియమ్మకు దేవుడంటే భయం కన్నా చనువెక్కువ. ఉదయగిరి దాటి సీతారామపురం పోయే దారిలో ఉన్న మా పల్లెలో, బాప్టిస్టు చర్చి చాపమీద ఆమె పక్కనే నా చోటు. ఆమె దేవుడితో మాట్లాడేవన్నీ ముందు నా చెవిన పడతాయి. మేమంతా "ప్రభువా, నీ చిత్తమైతే" అని మొదలుపెడతాం. ఈవిడ "ఇదిగో, నాకిది కావాలి" అని మొదలుపెడుతుంది. ఇదేం ప్రార్థనే అంటే, "అడగందే అమ్మయినా పెట్టదక్కా" అంటుంది. మొగుడు రమణయ్యతోనూ అదే వరస.

ఈ ఏడు నవంబరు సగమైనా మా చెరువులో గొడ్లు తాగేందుకు నీళ్లు లేవు. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఆడవాళ్లంతా తలా ఒక మనవి చెప్పుకుంటుంటే లిదియమ్మ లేచింది. "మా చెరువు నిండి కలుజు మీద నీళ్లు దూకితే క్రిస్మస్ లోపలే కృతజ్ఞత కూడిక పెడతా. అందరికీ కోడి పలావు. దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం నేనే చెప్తా" అంది. మాలో నలుగురి ముందు చెప్పిన మొక్కుబడి ఊరికే పోదు. దేవుడు మరిచినా పక్క చాపవాళ్లు మరవరు.

డిసెంబరు మొదట్లో తుఫాను వచ్చింది. కొండల మీంచి వాగులు దిగి చెరువు నిండి అలుగు పారింది. కలుజు మీంచి నీళ్లు దూకుతుంటే ఊరంతా అక్కడే చేరింది. రమణయ్య పంచె ఎగ్గట్టి నీళ్లలోకి దిగాడు. లిదియమ్మ రెండు చేతులూ పైకెత్తి "స్తోత్రం తండ్రీ, స్తోత్రం" అని కేకపెట్టింది. అప్పుడే ఆమె కొంగులో ఫోను మోగింది.

కూతురు అనూరాధ. ఆ పిల్లను పెన్న ఒడ్డున ఉన్న సంగం ఊళ్లో ఇచ్చారు. అల్లుడు పెంచలప్రసాద్ కాలవ కింద మడి కౌలుకు చేస్తాడు. "మా, నాట్లన్నీ మునిగిపోయినాయి. మడేదో కాలవేదో తెలీడంలా" అని ఏడ్చింది.

లిదియమ్మ ఫోను పెట్టేసి కలుజు వైపు చూసింది. సంతోషించాలో ఏడవాలో తెలియని ముఖం ఎలా ఉంటుందో నేను ఆ రోజే చూశాను.

ఆ తర్వాత మా ఇంట్లో కూర్చుని పలావు బియ్యం ఏరుతూ అడిగింది. "అక్కా, ఈడ పడిన వానా, ఆడ పడిన వానా ఒకటే గదా?"

"ఒకటే."

"దాన్ని రమ్మన్నది నేనే గదా?"

నాకు చిరాకేసింది. "నువ్వు చెయ్యెత్తితే ఆగడానికి తుఫానేమన్నా ఆత్మకూరు బస్సా?"

"బస్సయితే ఆగదులే అక్కా. ఇది ఆగింది" అని మళ్లీ బియ్యంలో తల దూర్చింది. ఏరిన రాళ్లే మళ్లీ బియ్యంలో వేస్తున్నదని నేను చెప్పలేదు.

పాస్టరు అయ్యగారి దగ్గరికీ పోయింది. దేవుడు చేసేదంతా మన మేలుకే, క్రిస్మస్ ముందొచ్చే ఆగమన కాలంలో మూడో ఆదివారం సంతోషపు ఆదివారం, నీ కూడిక ఆ రోజే పెట్టుకుందాం అన్నారాయన. "మేలే అయ్యగారూ. ఎవురికి?" అని అడిగింది. ఆయన కళ్లజోడు తుడుచుకుని ప్రార్థన చేద్దాం అన్నారు.

కూడిక వాయిదా వేద్దామంటే రమణయ్య ఒప్పుకోలేదు. "దేవునికి మొక్కి ఎగ్గొడతావా? అట్ట చేస్తే బాగుండదు మే" అన్నాడు. సాక్ష్యం చెపితే కూతురి కష్టం మీద పండగ చేసుకున్నట్టు, చెప్పకపోతే దేవుడికిచ్చిన మాట తప్పినట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కనీసం అనూరాధకు తెలియకుండా కానిద్దామనుకుంది. కానీ రమణయ్య నోట్లో నువ్వుగింజ నానదు. ఫోనులో చెప్పేశాడు.

ఆదివారం అనూరాధ ఆత్మకూరులో బస్సు మారి వచ్చేసింది. గోళ్లలో ఇంకా బురద ఉంది. వెనక చాపమీద కూర్చుంది. అయ్యగారు పిలవగానే లిదియమ్మ లేచి, కూతుర్ని చూసి, నిలబడిపోయింది.

"మా చెరువు నిండింది" అంది. అంతవరకే వచ్చింది. "అయ్యగారూ, నాకు నోరు రావడంలా. నేనడిగిన వానే నా బిడ్డ మడి ముంచింది. స్తోత్రం అంటే దాని ఏడుపు మీద అన్నట్టుంటాది. అనకపోతే మొక్కు తప్పినట్టుంటాది. ఏం చెప్పాల్నో మీరే చెప్పండి."

డోలక్ వాయించేవాడు చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. అయ్యగారు కళ్లజోడు తీశారు.

వెనకనుంచి అనూరాధ లేచింది. "నువ్వొక్కదానివే అడిగినట్టు చెప్తావేంది మా? సంగం చర్చిలో నేనూ అడిగినాను. మాకు కాలవ నీళ్లుండాయి, వానతో పన్లేదు. మా అమ్మోళ్ల చెరువు నిండాలని నవంబరంతా మనవి ఇచ్చినాను."

లిదియమ్మ చర్చి అని కూడా చూడకుండా విరుచుకుపడింది. "ఎవురడగమన్నారే నిన్ను? పచ్చి నాట్లు ఆడ పెట్టుకోని నా చెరువుకు మొక్కతావా? బుద్ధుండాదా నీకు?"

"నీ బిడ్డనే గదా. ఏడనుంచి వస్తాది బుద్ధి?"

ఎవరో కిసుక్కున నవ్వారు. లిదియమ్మ మాత్రం చీర చెంగు నోటికడ్డం పెట్టుకుని భోరున ఏడ్చింది. అనూరాధ వచ్చి భుజం పట్టుకుంది. ఏడుపు తగ్గాక, కూతురి బురద చేతిని వదలకుండానే, లిదియమ్మ తన సాక్ష్యం చెప్పింది. అందులో చెరువు మాట లేదు.

"అడగందే ఎవురూ పెట్టరనుకున్నా తండ్రీ. నేనడగకుండానే నా కోసం అడిగే బిడ్డనిచ్చినావు. స్తోత్రం."

ఎవరి ప్రార్థన విన్నాడో, ఎవరి మడి ఎందుకు ముంచాడో ఆమెకు ఇప్పటికీ తెలియదు. నాకూ తెలియదు. పలావు బాగుంది, రాళ్లు మాత్రం తగిలాయి.

మరుసటి శుక్రవారం మనవులు చెప్పమన్నప్పుడు లిదియమ్మ లేచి, "ఎవురికేం కావాల్నో నువ్వే చూసుకో తండ్రీ. ఇంక నేనేమీ అడగను" అని కూర్చుంది. ఒక నిమిషం ఆగి మళ్లీ లేచింది.

"సంగంలో మాత్రం బాగా ఎండ కాయాల."

మేమంతా ఆమేన్ అన్నాం.