నేను నింపిన జవాబులు

మొన్న మధ్యాహ్నం మా అమ్మాయి ఇంట్లోనే ఆఫీసు పని చేసుకుంటూ, తన ల్యాప్‌టాప్‌లో ఉన్న ప్రోగ్రామును పూర్తిగా వేరే రకం యంత్రానికి సరిపడేలా తయారు చెయ్యమని ఒక్క ముక్క టైపు కొట్టి టీ పెట్టుకోవడానికి లేచింది. ఆ టీ చల్లారకముందే పని అయిపోయింది. అది నిన్నేమీ అడగలేదా అంటే, "ఏమడుగుతది నాన్నా, అన్నీ దానికే తెలుసు" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మా రోజుల్లో అది అడిగేది, నేను దానికి అబద్ధం చెప్పాను.

మీలో కంప్యూటర్లతో బతికినవాళ్లకు ఆ కాలం గుర్తుండే ఉంటుంది. డబ్బా మానిటర్లు, కరెంటు పోగానే కుయ్యిమనే యూపీఎస్. ఖానాపురం హవేలి అనే పేటలో ఒక కిరాణా కొట్టు మీది రెండు గదుల్లో నేనూ మా బావమరిదీ చిన్న ఆఫీసు పెట్టుకున్నాం. మా అక్క భద్రాచలం అవతల అడవి పల్లెల్లో నర్సు. జ్వరం వచ్చినవాళ్ల రక్తం గాజుపలక మీద తీసి మలేరియా పరీక్షకు పంపడం, ఫలితం వచ్చాక మందివ్వడం ఆమె పని. ఒక సేవాసంస్థవాళ్లు ఆమెకు అరచేతిలో పట్టే యంత్రం ఒకటిచ్చి, ఎవరి ఫలితం వచ్చిందో, ఎవరిది రావాలో చూపే ప్రోగ్రాము రాయమని మమ్మల్ని అడిగారు.

రాయడం తేలికే. తయారు చెయ్యడమే తలనొప్పి, ఎందుకంటే ఆ చిన్న యంత్రం మీదే ప్రోగ్రామును కూర్చితే, అంటే రాసినదాన్ని యంత్రం నడపగలిగే రూపానికి మారిస్తే, రెండు రోజులు పట్టేది, మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికి. మా ఆఫీసు కంప్యూటరు మీద కూర్చి దానికి పంపుదామంటే, రెండింటి ప్రాసెసర్లూ వేరు, పైగా ఈ కూర్పు పనికి మేము వాడే బిల్డ్ వ్యవస్థకు కూర్చే యంత్రమూ నడిపే యంత్రమూ ఒకటేనన్న గుడ్డి నమ్మకం. ఆ రెంటినీ విడదీసి, ప్రోగ్రాములో భాగమైన ఒక్కో ప్యాకేజీకి ఇది ఇక్కడ పుట్టి అక్కడ బతకాల్సిందని నేర్పడానికి నాకు ఆ ఎండాకాలమంతా పట్టింది, నిజం చెప్పాలంటే అంత సంతోషంగా నేనెప్పుడూ పని చెయ్యలేదు.

చివరికి ఒక జవాబుల ఫైలు మిగిలింది. నడిపే యంత్రం ఎదురుగా ఉండదు గనుక, దాని స్వభావం గురించి వ్యవస్థ మనల్ని ప్రశ్నలడిగేది. అవును, కాదు, తెలియదు అని మూడు జవాబులు. తెలియదంటే పని అక్కడే ఆగిపోయేది. ఉన్న ఒక్క యంత్రమూ అప్పటికి అక్క దగ్గరుంది, వాగులు పొంగి దారి తెగింది. ఇంట్లో లేనివాళ్ల వివరాలు పక్కింటివాళ్లం చెప్పేసి ఫారం నింపించడం మనకు అలవాటే కదా, నేనూ మిగిలిన ప్రశ్నలన్నిటికీ మా ఆఫీసు కంప్యూటరు స్వభావమే రాసేశాను. అందులో ఒకటి, యంత్రం మెమరీలో అంకెలు దాచే చిన్న గడిలో సున్నా కన్నా తక్కువ అంకె పడుతుందా అని. అవునన్నాను. ఫలితం ఇంకా రానివాళ్లకు మా ప్రోగ్రాము గుర్తుగా పెట్టేది సరిగ్గా అలాంటి అంకెనే.

వాన తెరిపిచ్చి బస్సులు నడవగానే, కొత్త ప్రోగ్రామున్న మెమరీ కార్డును కవరులో పెట్టి భద్రాచలం బస్సు కండక్టరు చేతికిచ్చి పంపాను. అది అక్కకు చేరింది, చక్కగా నడిచింది కూడా. కానీ ఆ యంత్రంలో సున్నా కన్నా తక్కువ అంకె పట్టలేదు, అది పెద్ద అంకెగా మారిపోయింది. సున్నా కన్నా తక్కువ కాదు గనుక ఫలితం వచ్చేసిందనీ, రోగపు గుర్తూ కాదు గనుక రోగం లేదనీ లెక్కేసుకుని, ఫలితం రానివాళ్లందరికీ రోగం లేదని చూపించింది.

ఇద్దరు బిడ్డల తల్లి ఒకామెను అక్క తెర మీది ఆ మాట చూసే మందివ్వకుండా ఇంటికి పంపింది. అసలు ఫలితం వచ్చేసరికి పది రోజులైంది. అప్పటికి ఆమె లేదు.

తర్వాతి ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక అక్క ఆఫీసుకు వచ్చి యంత్రాన్ని నా బల్ల మీద పెట్టింది. తప్పెక్కడో వెతికి, జవాబుల ఫైలు తెరిచి చూపించి, అంతా ఒప్పుకున్నాను. ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

"తెల్వనప్పుడు తెల్వదని రాస్తే ఏమైతుండె తమ్మీ?" అంది.

పని ఆగిపోయేదన్నాను.

"ఆగితే ఆగుతుండె. రిజిస్టరుల నేను ఖాళీ వదుల్తుంటి. ఖాళీ జూస్తె మళ్ల అడగాలని యాదికొస్తుండె."

ఒక్క జవాబు మార్చి మళ్లీ కూర్చడానికి నాకు పావుగంట పట్టింది. అక్క ఆ యంత్రాన్ని మళ్లీ ముట్టుకోలేదు, సేవాసంస్థవాళ్లూ మిగతా ఊళ్లకు ఇవ్వలేదు, తర్వాత ఏడాది తిరక్కుండానే ఆ రెండు గదులూ ఖాళీ చేశాం. తప్పు వెతికిన రోజు తెర మీద చనిపోయిన ఆ తల్లి పేరు ఉంది. నేను చదవలేదు, నా పనికి వరుస సంఖ్య సరిపోయింది. తర్వాత ఆ పేరేమిటని అక్కను అడగడానికి నోరు రాలేదు, ఇప్పుడు అడుగుదామంటే అక్క లేదు.

ఈ కాలపు పనితనాన్ని నేను తప్పు పట్టను. నేను ఎండాకాలమంతా పడ్డ పాట్లన్నీ ఒక్క ముక్కలో అయిపోతుంటే ముచ్చటగానే ఉంటుంది. యంత్రాలు ఇప్పుడు మనల్ని ఏమీ అడగడం లేదు. అడిగితే ఈసారి తెలియదనే రాద్దామని, ఇన్నేళ్లుగా నేను సిద్ధంగానే ఉన్నాను.