పచ్చబడిన మూడో ట్యూబు

2011 వేసవి. నారాయణగూడలోని ఒక కాలేజీ బయోటెక్నాలజీ ల్యాబ్‌లో నేను టెక్నికల్ అసిస్టెంట్‌ని. ఇల్లు చిక్కడపల్లిలోనే కాబట్టి నడిచి వెళ్లేవాణ్ణి. నా పని గురించి చెప్పాలంటే ఒక్క మాటే: కల్చర్లు, అంటే గాజు గొట్టాల్లో పెంచే సూక్ష్మజీవులు, చావకుండా చూడటం. ఆ వేసవిలో కొన్ని చచ్చాయి. ఈ అనుభవం వాటి గురించే.

ఎమ్మెస్సీ చివరి ఏడాది చదువుతున్న మంజుల ప్రాజెక్టు క్లామిడోమోనాస్ మీద. నీటి గుంటల్లో పెరిగే ఒంటికణపు ఆకుపచ్చ శైవలం అది. ప్రతి కణానికీ ముందువైపు రెండు సన్నటి తోకలుంటాయి. వాటిని ఫ్లాజెల్లా అంటాం, ఈదేది వాటితోనే. వీటిలో ఆడా మగా అని చూపుకు తేడా తెలియదు. అందుకే ఒక రకాన్ని ప్లస్ అనీ, రెండోదాన్ని మైనస్ అనీ పిలుస్తాం. నత్రజని అందనప్పుడు ఇవి జతకు సిద్ధపడతాయి. అప్పుడు ఫ్లాజెల్లా పైన అగ్లుటినిన్ అనే ప్రొటీన్ తేలుతుంది. ప్లస్ మీది ప్రొటీన్ మైనస్ మీది ప్రొటీన్‌ను తాకగానే తోకలు అతుక్కుంటాయి, ఆ కబురు కణం లోపలికి పోతుంది, కణం తన చుట్టూ ఉన్న గట్టి గోడను తానే కరిగించి విడిచేస్తుంది. రెండు కణాలు ఒకటయ్యేది, అంటే సంయోగం, ఆ తర్వాతే.

సరిగ్గా వైవాకు ముందు వరుసగా బంద్‌లు వచ్చాయి. కాలేజీకి తాళం పడింది. కరెంటు పోయి ల్యాబ్ ఏసీ ఆగింది. తలుపు తీసేసరికి కింది అరలో ప్లస్ గొట్టాలు పచ్చగానే ఉన్నాయి. రేకు కప్పుకు దగ్గరగా, పై అరలో ఉన్న మైనస్ గొట్టాలన్నీ వేడికి చచ్చి తెల్లబడ్డాయి. కొత్త కల్చర్ తెప్పిస్తే వారాలు పడుతుంది.

ఆ సాయంత్రం అశోక్ నగర్‌లో, మంజుల హాస్టల్ ముందున్న టీ బండి దగ్గర ఆమెకు ఈ సంగతి చెప్పాను. గ్రూప్స్‌కు చదువుతున్న ఆమె రూమ్మేట్ సరిత కూడా ఉంది.

"అంటే పెండ్లికొడుకు పోయిండన్నట్టు," అంది సరిత.

"దాంట్ల పెండ్లికొడుకు, పెండ్లిపిల్ల ఉండరే. ఎన్నిసార్లు చెప్పాలె నీకు?" మంజుల నావైపు తిరిగింది. "వైవా పోతే మళ్ల ఏడాదికే. బాపు ఇంకో ఏడు ఇక్కడ ఉంచడన్నా. ఇంటికి రమ్మంటడు, అయిపాయె."

"గంత పరేషాన్ ఎందుకే? పోయినేడు మీ సీనియర్ అక్క ఇదే ప్రయోగం చేసింది కద. ఆమె ఫొటోలు పెట్టుకో. ఎవరడుగుతరు?"

"నేను చూడనే లేదు. చూసిన అని ఎట్ల రాయాలె?"

"అబ్బో, హరిశ్చంద్రుని చెల్లె!" సరిత టీ ఊదుకుంటూ నవ్వింది. "పోనీ, నీ ప్లస్‌కే చూపెట్టు ఆ ఫొటో. పిలగాడు ఎదురుంగ లేకున్నా ఫొటో చూసి ఖాయం చేసుకుంటలేరా మనోళ్లు?"

నేను గ్లాసు బండి మీద పెట్టేశాను.

"మంజులా, బంద్‌కు ముందు లెక్క కోసమని మైనస్‌ను ఫిక్స్ చేసినవ్ కద. పారబోసినవా?"

"లేదన్నా, ఫ్రిజ్‌ల ఉన్నయ్. కానీ అవి చచ్చినయే కద."

"చచ్చినయ్. మరి పైన ప్రొటీన్ పోయిందా?"

ఆమె టీ సగంలో వదిలేసి హాస్టల్‌లోకి పరిగెత్తి, లెక్కలు రాసుకున్న ల్యాబ్ పుస్తకం తెచ్చుకుంది.

ఫిక్స్ చేయడమంటే ఇది: ఈదే కణాలను లెక్కపెట్టలేం. అందుకని గ్లుటరాల్డిహైడ్ అనే మందు చుక్క వేస్తాం. కణం ఉన్నది ఉన్నట్టు బిగిసిపోతుంది. జతకు సిద్ధమైన దశలో బిగిస్తే, తోక మీది అగ్లుటినిన్ పనిచేసే తీరులోనే మిగలవచ్చు. మంజుల పుస్తకం ప్రకారం ఫ్రిజ్‌లో ఉన్నవి ఆ దశలోవే.

వాటిని నత్రజని అందకుండా ఉంచిన ప్లస్ కణాలతో కలిపితే, మొదటిసారి కుదరలేదు. మంజుల తొందరలో ఒక్కసారే కడిగింది. మిగిలిపోయిన మందు తగిలి బతికున్న ప్లస్ కణాలు కూడా ఆగిపోయాయి. ఆమె మైక్రోస్కోప్ నుంచి తల ఎత్తకుండా, "వీటిని గూడ చంపిన," అంది. మళ్లీ కడిగాం. ఈసారి మిగిలిన మందును పట్టేసే గ్లైసిన్ కలిపి, కణాలను అడుగుకు దించే సెంట్రిఫ్యూజ్‌లో నెమ్మదిగా తిప్పి, మళ్లీ మళ్లీ కడిగాం. తర్వాత ఆమె కొత్త స్లైడ్ పెట్టి చూసింది.

"అన్నా, గుంపు కట్టినయ్! గుంజుతున్నయ్ చూడు, పోయినవాటిని పట్టుకొని గుంజుతున్నయ్!"

అతుక్కోవడం ఒకటి, కబురు లోపలికి పోవడం మరొకటి. రెండోది తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. గోడ ఉన్న కణాన్ని పలుచటి డిటర్జెంట్ ఏమీ చేయదు. గోడ విడిచిన కణం మాత్రం పగిలి, దాని పచ్చదనం నీళ్లలో కలుస్తుంది. మొదటి ట్యూబులో ప్లస్ మాత్రమే, రెండోదానిలో ఫిక్స్ చేసిన మైనస్ మాత్రమే, మూడోదానిలో రెండూ కలిపి పోయించాను. మొదటి రెండూ కంట్రోల్స్, అంటే మనల్ని మనం మోసం చేసుకోకుండా పెట్టుకునే కాపలా. డిటర్జెంట్ వేసి తిప్పి చూస్తే, ఆ రెండింటిలో పచ్చదనమంతా అడుగుకు దిగి, పై నీరు తేటగా ఉంది. మూడో ట్యూబులో పై నీరు పచ్చబడింది.

వైవాకు వేరే యూనివర్సిటీ నుంచి ఒక పెద్దావిడ వచ్చారు. పరికరాల కోసం నన్ను గదిలోనే ఉండమన్నారు. మంజుల మూడు ట్యూబులూ ఆమె ముందు పెట్టింది.

"అవతల ఉన్నది చచ్చిన కణమని ప్లస్‌కు తెలియదా అమ్మా?"

"తెల్వది మేడం. దానికి తగిలింది ప్రొటీన్ ఒక్కటే. తగిలినందుకు గోడ ఇడిసింది."

"మరి కలిశాయా?"

"కలవలే మేడం. కలిసేందుకు అవతల ఎవరు లేరు."

"అయితే నీ ప్రాజెక్టు పేరులో 'సంయోగం' అని ఎందుకుంది?"

మంజుల ఒక్క క్షణం రిపోర్టు అట్టను చూసింది. పెన్ను తీసి, ఆ మాట కొట్టేసి, పైన 'సంయోగ స్పందన' అని రాసి, రిపోర్టు ఆమెకు తిప్పి ఇచ్చింది.

"మైనస్ కల్చర్ పోయింది మేడం. నేను చూసింది ఇంతవరకే."

పెద్దావిడ ఆ కొట్టివేత పక్కనే తన సంతకం పెట్టారు. "ఇంతవరకు చూశావు కాబట్టి ఇంతవరకు పాస్," అని నవ్వారు.

అందరూ వెళ్లాక మంజుల ల్యాబ్‌లోనే నిలబడింది. డిటర్జెంట్ వేయని మిశ్రమం కొంచెం మిగిలి ఉంది. "వీటి సంగతేందన్నా? గోడలు ఇడిసి ఉత్తగనే ఉన్నయ్."

నత్రజని అందితే ఇవి జత మాట మాని మళ్లీ మామూలుగా పెరుగుతాయి కాబట్టి, నత్రజని ఉన్న కొత్త ద్రవంలో వాటిని పోసి, లైటు కింద పెట్టాం.

నేనిప్పటికీ ఏ ఫలితం రాయబోయినా, చూసింది ఏ మెట్టు వరకో ముందు అడుగుకుంటాను. ఆ అలవాటు నాకు ఆ అట్ట మీది కొట్టివేత నేర్పింది. ఇంకొకటి మరుసటి ఉదయం నేర్చుకున్నాను. నేను వెళ్లేసరికే మంజుల ఆ కల్చర్‌లోంచి కాస్త తీసి, డిటర్జెంట్ కలిపి, తిప్పి, ట్యూబును కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుని ఉంది. ఈసారి ఆ పరీక్షకు మార్కులు లేవు.

"చూడన్నా," అంది. "గోడలు మళ్ల కట్టుకున్నయ్."

పై నీరు తేటగా ఉంది.