తార్నాక పాలకొట్టంలో ఓవెన్ సార్

1968 తొలినాళ్ళలో, మా యూనివర్సిటీలో ఇంగ్లీషు చెప్పే ఓవెన్ సార్ నన్ను పిలిచి, పాలు పితికే చోటికి తీసుకెళ్ళమని అడిగారు. ఆయనది వేల్స్. తండ్రి నలభై ఆవుల పాలతో చీజ్ చేసేవాడు. పాలు విరగ్గొట్టి, గుడ్డలో బిగించి, నెలల తరబడి ఆరబెట్టి సంతలో అమ్మేవాడు. ఆ చలికాలం పొరుగు రైతు మందకు జబ్బు వస్తే, ప్రభుత్వం వాళ్ళు వచ్చి వీళ్ళ ఆవుల్ని కూడా ఒక్క రోజులో తుపాకులతో కాల్చి చంపారు. అయినా పితికే వేళకు తండ్రి లేచి ఖాళీ కొట్టంలో నిలబడుతున్నాడని తల్లి ఉత్తరం రాసింది.

నేను కాచిగూడలో ఉండేవాణ్ణి. ఇప్పుడంటే తార్నాకకు మెట్రో ఉంది. అప్పుడు ఐదున్నర బస్సెక్కి, పదిహేను పైసల టిక్కెట్టుతో ఆరింటికి దిగాను. సార్ క్యాంపస్ నుంచి నడిచి వచ్చారు. అక్కణ్ణుంచి మాణికేశ్వర్ నగర్ వైపు పావుగంట నడిస్తే, నాకు తెలిసిన పాలవాడు మల్లయ్య కొట్టం. ఆరు బర్రెలు.

"దొర గీడికెందుకొచ్చిండు సారూ?" అన్నాడు మల్లయ్య.

"వాళ్ళ నాన్న ఆవులన్నిటినీ చంపేశారన్నా. ఆ ఊళ్ళో పశువులకు నోట్లో పొక్కులు, గిట్టల్లో పుండ్లు వచ్చాయట."

"గాలికుంటా? గంతదానికే సంపిన్రా? గీ బర్రెకు నిరుడు వచ్చింది. పుండ్లు కడిగి పసుపు వెట్టిన. నెలకు లేచింది."

ఏమంటున్నాడని సార్ అడిగారు. అబద్ధం చెబుదామనుకున్నాను, నోరు రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆయన చాలాసేపు ఆ బర్రె గిట్టలనే చూశారు. "మా దగ్గర వదిలేస్తే దేశమంతా పాకుతుంది. మా ఆవుల్లో ఒక్కదానికీ జబ్బు లేదు. చంపడానికి ఒప్పుకుంటూ కాగితం మీద నాన్నే సంతకం పెట్టాడు," అన్నారు.

అది తెలుగులో చెప్పాక మల్లయ్య గొంతు తగ్గింది. "నాకు గూడ దూడ సచ్చింది సారూ. పాలు సగమైనయి." బకెట్ సార్ చేతికిచ్చాడు. "పిండమను."

కొత్త చేతికి బర్రె పాలు చేపలేదు, తన్నబోయింది. మల్లయ్య దాని మెడ నిమురుతూ నిలబడ్డాక సన్నగా ధార పడింది. సార్ దాని డొక్కకు నుదురు ఆనించి, పిండుతూనే ఏడ్చారు. మేమిద్దరం చూడనట్టే ఉన్నాం.

ఆ పాలతో క్వార్టర్స్‌లో చీజ్ పెట్టారు. వారంలో పురుగు పట్టింది. వేసవికి మరో ఉత్తరం వచ్చింది. తండ్రి మళ్ళీ ఆవుల్ని కొనలేదు, చీజ్ బిగించే మరలు అమ్మేశాడు. సార్ సెలవులకు వెళ్ళి తిరిగి రాలేదు.

మల్లయ్య మాట ఆయనకు చెప్పకుండా ఉండాల్సిందా అని నేనిప్పటికీ తేల్చుకోలేదు. బతకగలిగిన పశువుల్ని పోగొట్టుకున్నామని వినడం ఆయనకు ఎంత బరువో ఆ వయసులో నాకు తెలియదు. మీరెప్పుడైనా పాడి చూడటానికి వెళితే, ఆరున్నరలోపు చేరండి. కొట్టంలోకి అడుగుపెట్టే ముందు చెప్పులు, కాళ్ళు శుభ్రంగా కడుక్కోండి. ఆ జబ్బు మనుషుల కాళ్ళతో కూడా నడిచి వెళుతుంది.