కిడ్నీ బాగానే ఉన్న మనిషి

2023 ఎండాకాలం. ధర్మవరంలో నాకు ఒక కారుంది, డ్రైవరునీ నేనే. ఐదో తరగతితో బడి మానేశాను గానీ, ఒకసారి ఎక్కించుకున్న మనిషిని మరచిపోను. అప్పటికే తొమ్మిదేళ్లుగా మా చుట్టుపక్కల కిడ్నీ రోగులను బెంగుళూరు చెకప్‌లకు తీసుకుపోతున్నాను. వాళ్ల మాటలు వినీ వినీ క్రియాటినిన్ అంటే ఏమిటో నాకూ తెలిసింది. రక్తంలో అది తక్కువుంటే కిడ్నీ బాగా వడపోస్తున్నట్టు.

నాగరాజన్న పట్టుచీరలు నేసే మనిషి. అంతకు నాలుగేళ్ల ముందు భార్య రత్నమ్మ ఆయనకు తన కిడ్నీ ఇచ్చింది. ట్రాన్స్‌ప్లాంట్, అంటే కిడ్నీ మార్పిడి, అయినవాళ్లకు పెద్దాసుపత్రిలో ఒక మాట గట్టిగా చెప్తారు: మమ్మల్ని అడగకుండా బయట ఏ మందూ, ఏ సూదీ వేయించుకోవద్దని. రత్నమ్మ ఆ మాటను ఎంత గట్టిగా పట్టుకుందంటే, తలనొప్పి మాత్రను కూడా ఇంట్లోకి రానిచ్చేది కాదు.

ఆ రోజు పొద్దున ఆరింటికి బయలుదేరాం. చెన్నేకొత్తపల్లి దాటేదాకా నాగరాజన్న నన్ను ఆటపట్టిస్తూనే ఉన్నాడు.

"ఏమప్పా బాషా, కారు తోల్తాండావా, ఎద్దులబండి తోల్తాండావా?"

"ఊరికే కూచో అన్నా. నీ కడుపులో ఉండేది వదిన సొత్తు. కుదిపితే నన్ను కొడ్తాది."

రత్నమ్మ నవ్వింది. పెనుకొండ కొండ కనబడేసరికి ఆయన మాట ఆగిపోయింది. అద్దంలో చూశాను. ఏసీ వేసే ఉంది, ఆయన చొక్కా మాత్రం తడిసిపోయింది. దవడ నొక్కుకుంటున్నాడు.

"ఏమైందన్నా?"

"ఏం లేదబ్బా, గ్యాసు. పరగడుపున ఉండా గదా. యాడన్నా సోడా తాపించు."

ఆపాను. సోడా నేనే తెచ్చి తాపించాను. త్రేన్పు వస్తుందని ముగ్గురం పావుగంట ఎదురుచూశాం. రాలేదు. ఆయాసంతో ఆయన ముందు సీటు మీదికి ఒరిగిపోయాడు.

"వదినా, హిందూపురం ఆస్పత్రికి పోదాం. దగ్గర."

"వద్దన్నా! ఆడ ఏదో ఒక సూది పొడుస్తారు. కిడ్నీ పోతాది. మన డాక్టరు దగ్గరికే పోదాం."

"బెంగుళూరు ఇంకా రెండు గంటలుండాది వదినా."

"గట్టిగా తోలు. నీ కాళ్లు మొక్కుతా."

హిందూపురం మలుపు దగ్గర కారు ఆపేశాను. నిజం చెప్పాలంటే ఆమె భయమే నాదీ. ఆమె ఇచ్చిన కిడ్నీ నా చేతుల మీదుగా పోతే ఎలా? అప్పుడు ఆమె ఒళ్లో ఉన్న ఫైలు మీద బెంగుళూరు ఆస్పత్రి కోఆర్డినేటర్ నంబరు కనబడింది. మార్పిడి అయినవాళ్ల మందులు, తేదీలు చూసుకునే మనిషి ఆవిడ. ఫోను చేసి స్పీకర్ పెట్టాను.

"చెమటలా? దవడ నొప్పా?" ఆవిడ గొంతు మారిపోయింది. "ఇక్కడికి రావద్దు. దగ్గరున్న ఆస్పత్రిలో ముందు ఈసీజీ తీయించండి. ఆ డాక్టరుతో మేం మాట్లాడతాం. కదలండి!"

కారు తిప్పాను. ఈసీజీ అంటే గుండె కొట్టుకునే తీరును కాగితం మీద గీసే పరీక్ష. ఆ గీతలు చూసిన వెంటనే హిందూపురం డాక్టరు గుండెపోటు అన్నాడు.

నాకు నమ్మబుద్ధి కాలేదు. "సార్, పోయిన నెలే చూపించినాం. కిడ్నీ బాగుండాదన్నారు."

"కిడ్నీ బాగానే ఉందయ్యా. పాత కిడ్నీలు పాడై ఉన్న ఏళ్లలోనే, బీపీతో, రక్తనాళాలు గట్టిపడిపోతాయి. కొత్త కిడ్నీ వచ్చినా అవి కొత్తవి కావు. పైగా కిడ్నీని కాపాడే మాత్రల్లో కొన్ని షుగరునీ, కొవ్వునీ పెంచుతాయి. కిడ్నీ పనిచేస్తూ ఉండగానే గుండె ఆగి చనిపోయినవాళ్లను చాలామందిని చూశాను."

అప్పుడు నాకు ఇంకో మనిషి గుర్తొచ్చాడు. ఆ సంగతి చివర చెప్తాను.

రక్తం గడ్డను కరిగించే సూది వేయాలి, బెంగుళూరు వాళ్లూ సరేనన్నారు, సంతకం పెట్టమన్నాడు డాక్టరు. రత్నమ్మ కాగితం పట్టుకుని నిలబడిపోయింది.

"కిడ్నీకి ఏమన్నా అయితే సార్?"

"గుండె రక్తం పంపకపోతే కిడ్నీ మాత్రం ఎట్లా బతుకుతుందమ్మా?"

ఆమె మంచం మీది మనిషిని చూసింది. సంతకం పెట్టింది. "నేనిచ్చింది ఆయప్ప కోసరం సార్, దాని కోసరం కాదు. ఎయ్యండి."

ఆయన బతికాడు. బెంగుళూరులో స్టెంటు, అంటే మూసుకున్న నాళాన్ని తెరిచి ఉంచే సన్నని గొట్టం, వేశారు. కిడ్నీ కూడా నిలిచింది.

ఆ వారమే నా కారెక్కే ప్రతి కిడ్నీ రోగి ఇంటికీ పోయాను. చెమటలు, దవడ నొప్పి, ఆయాసం వస్తే గ్యాసనుకోవద్దు, దగ్గరి ఆస్పత్రికి పోయి మార్పిడి సంగతి ముందే చెప్పండి, చెకప్‌లో గుండె గురించీ అడగండి అన్నాను. "డ్రైవరు డాక్టరైనాడే" అని నవ్వారు. నవ్వనీ.

రొద్దంలో ఒక ఇంటికి మాత్రం పోలేకపోయాను. అంతకు రెండేళ్ల ముందు ఆ ఇంటి మేస్టారుకు, ఆయనకూ మార్పిడి అయింది, ఉన్నట్టుండి ఆయాసం వచ్చింది. భార్య నాకు ఫోను చేసింది. "ఈడ యాడా చూపించొద్దక్కా, బెంగుళూరికే పోదాం, వస్తాండా" అన్నాను. నేను చేరేసరికి వాకిట్లో జనం నిలబడి ఉన్నారు. కిడ్నీ బాగుండగానే ఎట్లా పోయాడని ఆమె నన్నే అడిగింది. తలరాత అన్నాను.

ఇది ఆమె చదివితే చదవనీ.