మ్యాపులో ఒకే చుక్క

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను హోసూరు నుంచి కెలమంగలం వైపున్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి రికార్డుల తనిఖీకి వేశారు. నా హోదా గణాంక పరిశీలకుడు. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి, జబ్బు ముదరకముందే బీపీ, షుగరు చూసి, అక్కడే ఫోన్‌లో ఎక్కించాలి. ఎక్కించిన చోటు మ్యాపులో చుక్కగా పడుతుంది. ఆ చుక్కలను అనుమానించడమే నా ఉద్యోగం. పాలు పోయించుకునే ముందు, అడుగున నీళ్ళున్నాయేమోనని పాలవాడి కొలత గిన్నె వంచి చూసే నాకు ఆ పని బాగా నప్పింది.

మునిరత్నమ్మ అనే కార్యకర్త చుక్కలన్నీ ఒకే చోట, ఆమె సొంత ఇంటి మీద పడ్డాయి. కూర్చున్నచోటే అంకెలు అల్లుతోందని తేల్చేసుకున్నాను. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం, నేను ఒక్క వాక్యం రాస్తే పోతుంది.

అడిగితే, "ఈడ అందరూ పట్టుపురుగులు పెంచేవాళ్ళు సార్. స్పిరిట్ వాసన తగిలితే పురుగు ఆకు ముట్టదని నన్ను గడప తొక్కనీరు. పని తీరినప్పుడు వాళ్ళే మా ఇంటి తిన్నె మీదికి వచ్చి చూపించుకొని, మాత్రలు తీసుకొని పోతారు" అంది. కథ బాగానే అల్లిందనుకొని, ఆమె వెంట లచ్చుమమ్మ అనే రైతు ఇంటికి వెళ్ళాను. నా చేతులకు శానిటైజర్ ఉంది. లచ్చుమమ్మ వాకిట్లోనే ఆపేసింది. "ఆడే నిలబడప్పా! నా పురుగుల్ని చంపేదానికి వచ్చినావా?"

ఆమెను దూరంగా పిలిచి బీపీ నేనే చూశాను. రికార్డులో ఉన్నట్టే ఎక్కువగా ఉంది, మాత్రలు వాడుతోంది. మరో నాలుగిళ్ళ అంకెలూ సరిపోయాయి. అయినా, నేను వస్తానని తెలిసి ఈ ఇళ్ళ వరకే మునిరత్నమ్మ సరిగ్గా చూసిందేమో అనిపించింది. ఆమె ఉద్యోగం జోలికి పోలేదు గానీ, ఇకపై ఏ ఇంటి అంకె ఆ ఇంటి వాకిట్లోనే ఎక్కించాలని, లేకపోతే లెక్కలోకి రాదని రాతపూర్వకంగా ఆదేశించాను.

తర్వాతి నెలల్లో చుక్కలు ఇంటికొకటి చొప్పున చక్కగా పరుచుకున్నాయి. సమీక్షా సమావేశంలో ఆ మ్యాపు చూపించి మెప్పు కూడా పొందాను.

చలికాలంలో లచ్చుమమ్మకు పక్షవాతం వచ్చిందని తెలిసింది. రికార్డు తెరిస్తే నెలనెలా బీపీ అదుపులోనే ఉన్నట్టు ఉంది. అనుమానంతో ఇంటికి వెళ్ళాను. ఆమె కుడిచెయ్యి లేవడం లేదు, మాట ముద్దగా వస్తోంది. మాత్రలు అయిపోయి మూడు నెలలైందని కోడలు చెప్పింది.

మునిరత్నమ్మ ఏమీ దాచలేదు. "వాకిట్లో నొక్కితేనే లెక్క అన్నారు గదా సార్. లోపలికి రానీరు. నేను పోయే పొద్దుకు పురుగులకు ఆకు వేసేది వదిలి వాళ్ళు బయటికి రారు. దినమంతా వాకిళ్ళు తిరిగేదే సరిపాయె, తిన్నె మీద కూర్చునేదానికి పొద్దు యాడిది? నా పని పోతాదని ఏదో ఒక అంకె నొక్కినాను."

నా ఉద్యోగంలో అంత సిగ్గుపడిన రోజు మరొకటి లేదు. నా ఆదేశం ప్రతిని జతచేసి, తప్పు నాదని నివేదిక రాశాను. అయినా ఆమెనే తీసేశారు.

అంకె ఎక్కడ ఎక్కించారని గట్టిగా అడిగితే, సిబ్బంది ఆ ప్రశ్నకే జవాబు తయారుచేసుకుంటారు. నిజంగా కొలిచారో లేదో తెలియాలంటే తనిఖీకి వెళ్ళినవాడు మళ్ళీ కొలవాలి. నేను కొలిచి కూడా నమ్మని రికార్డు నిజం. కొలవకుండా మెచ్చుకున్నది అబద్ధం.